బండి నా పేరున, తాళం అతని జేబులో

(కావలిలో పొదుపు సంఘాల మహిళలతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు, పెద్దవాళ్లకు నమస్కారం.

ముందు ఒక మాట అడుగుతాను. మన సంఘంలో ఎవరికైనా పది వేలు అప్పు ఇవ్వాలంటే ఏం చేస్తాం? తీర్మానం రాస్తాం. అందరం సంతకాలు పెడతాం. కట్టిన ప్రతి రూపాయీ పుస్తకంలో ఎక్కిస్తాం. ఒక్క నెల రాయకపోతే లీడరును నిలదీస్తాం. మరి మనం నమ్మిన మనిషి ఇంటికొచ్చి, "ఒక లక్ష సర్దు, పొగాకు డబ్బులు పడగానే ఇచ్చేస్తా" అన్నప్పుడు ఎంతమంది నోటు రాయించుకున్నారు? చెయ్యెత్తండి.

ఒక్క చెయ్యీ లేవలేదు. నేనూ రాయించుకోలేదమ్మా. అందుకే ఈరోజు మీ ముందుకొచ్చాను.

అప్పుడు నేను ఇక్కడే ఒక ప్రైవేటు బళ్లో టీచరును. సంబంధం కుదిరింది, నిశ్చితార్థం అయింది. అబ్బాయికి ఒంగోలులో ఉద్యోగం. రోజూ ఆటోలకు ఖర్చవుతోందంటే, పెళ్లయ్యాక ఎటూ ఇద్దరం వాడుకునేదే కదా అని నా జీతం చూపించి ఫైనాన్సులో స్కూటీ తీశాను. 36 కంతులు, నెలకు 2,300. బండి నా పేరున, కంతు నా ఖాతాలో, తాళం అతని జేబులో. అది కాక వాళ్ల చెల్లెలి ఫీజుకని ఒకసారి 50,000, ఇంకోసారి 30,000 నా ఖాతా నుంచి పంపాను. ఏ కాయితమూ లేదు, చేబదులు.

పది నెలలకు పెళ్లి ఆగిపోయింది. ఎందుకు ఆగిందనేది ఇప్పుడు అక్కర్లేదు. ఉంగరాలు, చీరలు పెద్దవాళ్లు ఇచ్చిపుచ్చుకున్నారు. బండి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ, "పోతే పోయింది, మళ్లీ వాళ్ల గడప తొక్కొద్దు" అంది. కంతు మాత్రం ఐదో తారీఖు రాగానే నా జీతంలోంచి పోతూనే ఉంది.

ఒకరోజు ఐదో తరగతికి భాగహారం చెబుతుంటే ఫోను మోగింది. చలానా. హెల్మెట్ లేదని. లింకు నొక్కితే ఫొటో వచ్చింది. ఒంగోలు రోడ్డు మీద నా బండి. పూజ చేయించిన రోజు అద్దానికి నేను కట్టిన పసుపు దారం వెలిసిపోయి, ఇంకా అట్టాగే వేలాడుతోంది. దాన్ని చూసి పిల్లల ముందే కళ్లనీళ్లొచ్చాయి. సాయంత్రం ఆ చలానా నేనే కట్టాను, నా పేరున వచ్చింది కాబట్టి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చలానా అంటే వందల్లో పోయింది, అదే యాక్సిడెంట్ అయితే? తర్వాత తెలుసుకున్నాను, నా టెన్షన్ ఉత్తది కాదని. బండి అమ్మేసినా సరే, రిజిస్ట్రేషన్ మారనంత వరకు రికార్డులో పేరున్న ఓనరే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మీ పేరున ఉన్న బండి వేరేవాళ్ల దగ్గర ఉంటే, ఎంత కోపం ఉన్నా దాని ఇన్సూరెన్స్ ఆగిపోనివ్వకండి. కంతులు కూడా అంతే. "మేం విడిపోయాం సార్" అంటే ఫైనాన్సు వాళ్లు వినరు. సంతకం మీది, అప్పు మీది.

మా తమ్ముడు మారుతాళం తీసుకెళ్లి రాత్రికి రాత్రి బండి తెచ్చేస్తానని లేచాడు. నేను ఒప్పుకోలేదు. అక్కడ ఒకళ్ల మీద ఒకళ్లు చెయ్యి చేసుకున్నారంటే కేసు మా మీదికే తిరిగేది. ఇక బండి అతని పేరున ఉండి, డబ్బు మాత్రమే మీదైతే, చెప్పకుండా తెస్తే దొంగతనం అవుతుంది. ఈ తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీ పేరున ఉంటే బండి అడగండి. మీ బంగారం తాకట్టు పెట్టి అతని పేరున కొని ఉంటే డబ్బు అడగాలి. మొదటే ఇది తేల్చుకోకపోతే స్టేషన్ చుట్టూ తిరగడమే మిగులుతుంది. "ఇది సివిల్ మేటరమ్మా" అని పంపేస్తారు.

నన్నూ అట్టాగే పంపారు. తర్వాత ఒక స్నేహితురాలు న్యాయసేవాధికార సంస్థకు వెళ్లమంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. 1987 నాటి చట్టంలోనే ఉంది ఆ హక్కు. ఫోను నంబరు 15100. రాసుకోండి.

నాకిచ్చిన లాయరమ్మ మొదట నా ఫోను అడిగింది. డబ్బు పంపినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది కదా అన్నాను. "పంపినట్టు ఉంది, అప్పుగా పంపినట్టు ఎక్కడుంది?" అంది. నాకు నోట మాట రాలేదు. అవతల వాళ్లు చెప్పబోయేదీ అదే, ప్రేమతో ఇచ్చింది అప్పెట్టా అవుతుందని. ఇద్దరం కూర్చుని పాత మెసేజీలన్నీ పైకి జరుపుకుంటూ వెళ్లాం. ఏం తిన్నావు, ఎప్పుడొస్తావు, ఆ మాటలన్నీ ఆమె పక్కన కూర్చుని మళ్లీ చదవడం ఎంత కష్టమో చెప్పలేను. చివరికి ఒకటి దొరికింది. "బోనస్ రాగానే నీ ఎనభై వేలూ ఇచ్చేస్తా, బండి కూడా పండక్కి తెచ్చి ఇస్తా." ఆ ఒక్క ముక్కే నన్ను నిలబెట్టింది.

అందుకని చెబుతున్నాను, కోపంలో చాటింగ్ డిలీట్ చెయ్యకండి. ఫోను మార్చినా పాత ఫోను దాచండి. కోర్టులో మెసేజీలు చూపించాలంటే ఒక సర్టిఫికెట్ జత చెయ్యాలి, అది లాయరు చూసుకుంటారు. మెసేజీ ఉందిలే అని గడువు మాత్రం దాటనివ్వకండి.

ఆ గడువు సంగతి కొంచెం నిదానంగా చెబుతాను. చేబదులైనా, ఎప్పుడు అడిగితే అప్పుడు ఇస్తానని రాసే మామూలు ప్రోనోటైనా, ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు. ఆలోగా దావా వెయ్యకపోతే కాలదోషం పడుతుంది. మీ డబ్బు న్యాయమైనదే కావచ్చు, కోర్టు మాత్రం వినదు. మూడేళ్లు నిండకముందే అతను ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. మన తాతలకు ఇది బాగా తెలుసు. ఐదొందలు తెచ్చినా నోటు తిప్పి చెల్లు వేయించేవాళ్లు. మనం ఫోన్లో డబ్బు పడింది చూసుకుని ఊరుకుంటున్నాం. రూపాయి పడినా, కాయితం మీద అతని చేత్తో రాయించి సంతకం తీసుకోండి.

చెక్కు అయితే లెక్క వేరు. మూడు నెలల్లోపు బ్యాంకులో వెయ్యాలి. బౌన్స్ అయిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజులు చూడాలి. అప్పటికీ ఇవ్వకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు చెయ్యాలి. "రేపిస్తా, వచ్చే వారం ఇస్తా" అనే మాటలతోనే ఈ రోజులన్నీ గడిచిపోతాయి. జాగ్రత్త.

పెళ్లయిన వాళ్లకూ, పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా కలిసి ఒక ఇంట్లో ఉన్నవాళ్లకూ ఇంకో దారి ఉంది. 2005 గృహహింస చట్టం. కొట్టడమే హింస అనుకుంటాం. మీ డబ్బు, మీ నగలు, మీ బండి తన దగ్గర పెట్టుకుని ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం హింసే. వాటిని తిరిగి ఇవ్వమని మేజిస్ట్రేటు ఆర్డరు వెయ్యొచ్చు. నేను అతనితో కలిసి ఉండలేదు కాబట్టి నాకిది వర్తించలేదు. మీలో చాలామందికి వర్తిస్తుంది. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు స్త్రీధనం, అవి భార్యవే. 1985లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది, 2024లో మళ్లీ చెప్పింది. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే.

ఇంకొకటి. రవాణా శాఖ ఫారాలు 29, 30 అని ఉంటాయి. బండి వేరేవాళ్ల పేరుకు మార్చే ఫారాలు. వాటిమీద ఖాళీగా సంతకం పెట్టమంటే చచ్చినా పెట్టొద్దు. నా చేత పెట్టించబోయారు, ఇన్సూరెన్స్ కోసమని చెప్పి. ఆ పూట పైన ఏం రాసుందో చదివాను కాబట్టి బతికాను. 1992లో సారా మీద పోరు మొదలుపెట్టిన దూబగుంట ఆడవాళ్లు అంతకుముందు రాత్రిబడిలో కూర్చుని అక్షరాలు దిద్దినవాళ్లే. ఆ ఊరు మనకెంత దూరమమ్మా! వాళ్ల పక్క ఊళ్లవాళ్లం మనం, చదవకుండా సంతకం పెడితే ఎట్టా?

చివరికి నా సంగతి. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వెళ్లింది. ఫలానా తారీఖులోపు బండి అప్పగించాలి, లేకపోతే నమ్మి అప్పగించిన వస్తువును సొంతం చేసుకున్నందుకు క్రిమినల్ కేసు పెడతామని. వారంలో వాళ్ల మేనమామ ఫోను చేశాడు. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో కూర్చున్నాం. ఫీజు లేదు. అక్కడ రాజీ రాస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. 80,000కు 60,000 ఇస్తామన్నారు, నాలుగు వాయిదాల్లో. ఇరవై వేలు వదులుకోవడం నాకు ఇప్పటికీ బాధే. అయినా ఏళ్ల తరబడి ఆ మొహం చూస్తూ వాయిదాలకు తిరగడం నా వల్ల కాదనిపించింది, ఒప్పుకున్నాను. మీ శక్తి ఎక్కువైతే మీరు ఒప్పుకోకండి, పూర్తిగా రాబట్టుకోండి. అది తప్పు కాదు.

బండి కోర్టు ఆవరణలోనే అప్పగించారు. సీటు చిరిగింది, ఒక అద్దం లేదు, పెట్రోలు ముల్లు అడుగున ఉంది. మా తమ్ముడు బంకు దాకా తోసుకుంటూ వచ్చాడు. పసుపు దారం నేనే తెంపాను.

నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఎవరి దగ్గరైనా నోటు ఉంటే, చెక్కు ఉంటే, సీ బుక్కు ఉంటే తెచ్చి చూపించండి. పదిమందిలో చెప్పడం ఇష్టం లేకపోతే పక్క గదిలో మాట్లాడుకుందాం. ముందు తారీఖు చూద్దాం. మూడేళ్లు దగ్గర పడ్డవాళ్లు ముందు రండి.