మా పాప చదువు, పెద్దమ్మ బీడీల చాట

అందరికీ నమస్కారం. ఈరోజు వేయిస్తంభాల గుడి చూపిస్తానని మాట ఇచ్చాను. కానీ పాప కాలేజీ పని ఒకటి ముందుకు రావడంతో హనుమకొండ నుంచి పొద్దున్నే బయలుదేరి కోరుట్లలో మా పెద్దమ్మ ఇంటికి వచ్చాం. గుడి వీడియో తరువాత పెడతాను. దారిలో జగిత్యాల దగ్గర మామిడికాయల లారీలు వరుసగా ఆగి ఉంటే మేమూ దిగిపోయాం. అమెరికాలో మేముండే ఒహాయోలో డబ్బా మామిడికి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇల్లంతా పంచుకు తినవచ్చు. అందుకే వచ్చేసరికి ఆలస్యమైంది.

మా పాప ఏం చదువుతోందని చుట్టాలంతా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు ఇక్కడే చెబుతున్నాను. కంప్యూటర్ సైన్స్‌తో పాటు మహిళా అధ్యయనం, అంటే ఆడవాళ్ల బతుకు, పని, చరిత్ర గురించిన చదువు, చదువుతోంది.

మన తెలంగాణలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో సీటు వచ్చేనాటికే గ్రూపు ఖాయమవుతుంది. అమెరికాలో ఏమీ తేల్చుకోకుండానే కాలేజీలో చేరవచ్చు. మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు, ఏమిటో సాధారణంగా రెండో ఏడాది చివరికల్లా చెబితే చాలు. నాకు ఆ దేశంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. నాలుగేళ్ల డిగ్రీకి దాదాపు 120 క్రెడిట్లు కావాలి. మేజర్ అంటే ఒక సబ్జెక్టులో పది పన్నెండు కోర్సులు, మైనర్ అంటే ఐదారు. ఎవరైనా సరే తమది కాని శాఖల కోర్సులు కొన్ని తప్పనిసరిగా తీసుకోవాలి. మా పాప ఆ లెక్క కోసమే మహిళా అధ్యయనంలో ఒక కోర్సు తీసుకుంది, తరువాత మైనర్‌గా పెట్టుకుంది, ఇప్పుడు అది రెండో మేజర్ అయింది.

మూడు క్రెడిట్ల కోర్సుకు మేము కట్టేది సుమారు 1,500 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకున్నా 1,27,500. అదీ ఆ రాష్ట్రంలో ఉంటున్నాం కాబట్టి, బయటి రాష్ట్రాల వాళ్లకు ఇంకా చాలా ఎక్కువ. ఈ మాట వినగానే పెద్దమ్మ చాట పక్కన పెట్టి, అంత డబ్బుకు ఎన్ని వేల బీడీలు చుట్టాలో నోటిమీద లెక్క కట్టడం మొదలుపెట్టింది.

ఈ చదువు పుట్టి మరీ ఎక్కువ కాలం కాలేదు. అమెరికాలో మొదటి మహిళా అధ్యయన విభాగాల్లో ఒకటి 1970లో శాన్ డియాగోలో మొదలైంది. మన దేశంలో 1974లోనే బొంబాయి ఎస్ఎన్‌డీటీ విశ్వవిద్యాలయం దీనికి పరిశోధన కేంద్రం పెట్టింది. పాప అక్కడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక పుస్తకం చూసి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను కలిసి, వాళ్ల మాటలు రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు 1986లో వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’కు అది ఇంగ్లీషు అనువాదం. మా పాలకుర్తి ఐలమ్మ గురించి ఒహాయోలో పుట్టిన పిల్ల నాకే పాఠం చెప్పింది.

ఇక మేము వచ్చిన పని. ఒక మనిషి రోజు ఎలా గడుస్తుందో అరగంటకొక గడి చొప్పున రాసుకురావాలి. 2019లో మన ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వే కూడా ఇలాగే అరగంటల లెక్కన అడిగింది. ఇంటి పని చేసే ఆడవాళ్లు అందులో రోజుకు 299 నిమిషాలు గడుపుతుంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. ఆ పనికి జీతం లేదు, దేశ ఆదాయంలో లెక్కా లేదు.

పాప ఆ కాగితాన్ని ముందు నాతో నింపించింది. భర్త ఉద్యోగం వీసా మీద భార్యకు ఇచ్చే హెచ్4 వీసాతో ఉద్యోగం చేసే వీలు లేక ఇంట్లో ఉన్న ఏళ్లు గుర్తుకు తెచ్చుకుని చెప్పమంది. గడులన్నీ నిండాయి. ఎవరితో మాట్లాడావు అనే గడి మాత్రం అందులో లేకపోవడమే మంచిదైంది.

ఇప్పుడు పెద్దమ్మ వంతు. నానబెట్టిన తునికాకును రేకు కొలత పెట్టి కత్తెరతో కోస్తుంది. ఒడిలో చాట, చాటలో ఆకు ముక్కలు, ఒక మూలకు పొగాకు. చిటికెడు పొగాకు వేసి, వేళ్ల మధ్య ఒక్క తిప్పు తిప్పి, కొస మడిచి, దారం చుట్టేస్తుంది. నేను ఈ మాట పూర్తి చేసేలోపు ఇంకొకటి తయారు. ఆ చేతులకే నెలకు 2,016 రూపాయల పింఛను వస్తుంది, అయినా చాట వదలదు.

పాపకు చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పెద్దమ్మ బీడీ చుడుతూనే పొయ్యి మీది పప్పు కలపమని కోడలికి చెప్పింది, గడపలో ఆడుతున్న మనవడిని ఎండలోకి పోకుండా కేకేసింది, వాకిట్లో ఎండబెట్టిన మిరపకాయల మీద వాలబోయిన కాకిని అదిలించింది. ఇవన్నీ ఒకే అరగంటలో. దేని కింద రాయాలి? చివరికి పాప గడిని నిలువునా నాలుగు ముక్కలు చేసి నాలుగూ రాసింది.

“నా రోజు నీ చదువుకెందుకు బిడ్డా?” అని పెద్దమ్మ అడిగింది.

“మీ పని లెక్కలోకి రావాలి అమ్మమ్మా.”

“అయితే ఇది రాసుకో. కార్ఖానాలో ఏరి పారేసిన బీడీలకు కూలి రాదు. ఆకు మాది పోతుంది, పొద్దు మాది పోతుంది.”

పాప అక్షరం వదలకుండా రాసుకుంది.

ఈ చదువుతో ఏం ఉద్యోగం వస్తుందని మా బాబాయి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. అక్కడ లా చదువు డిగ్రీ తరువాత మొదలవుతుంది, ఏ మేజర్ చదివినా చేరవచ్చు. పాప కార్మిక చట్టాల వైపు వెళ్తానంటోంది. కంప్యూటర్ చదువు కూడా వదలలేదు. రెండు మేజర్లకు ఒక సెమిస్టర్ ఎక్కువ పట్టినా ఫీజు నా జీతంలోంచి కడతానని వాళ్ల నాన్నకు చెప్పేశాను.

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే అమ్మలు, అక్కలు ఎవరైనా తమ రోజు చెప్పడానికి ఇష్టపడితే కింద రాయండి. జూలై చివరిదాకా ఇక్కడే ఉంటాం, పాపను తీసుకుని నేనే వస్తాను.