వరుస మారని పరుగు: గుబ్బియోలో మే 15

నమస్కారం. ఇటలీ నడుమన, సముద్రతీరం లేని ఉంబ్రియా ప్రాంతంలో, ఇంజీనో కొండవాలును ఆనుకుని ఉన్న గుబ్బియో పట్టణాన్ని ఈ భాగంలో చూద్దాం. ఈ ఊరికి ఒక పరుగుపందెం ఉంది. అందులో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది, ఏ ఏడూ మారదు. అయినా ఆ ఒక్క రోజు కోసం ఊరంతా సంవత్సరం పొడవునా ఎదురుచూస్తుంది.

ఇప్పుడు తెరపై కనిపిస్తున్న ఎత్తైన రాతి కట్టడం పలాత్సో దేయి కోన్సొలి. గుబ్బియో తనను తానే పాలించుకున్న 14వ శతాబ్దంలో దీన్ని కట్టారు. కొండవాలులో చదును నేల దొరకక, కింద భారీ కమానులు లేపి, ముందున్న విశాలమైన చౌకును వాటిమీద నిలబెట్టారు. లోపలి మ్యూజియంలో 7 కంచు ఫలకాలున్నాయి. రోమన్ల లాటిన్ ఈ ప్రాంతాన్ని కమ్మేయక ముందు ఇక్కడివారు మాట్లాడిన ఉంబ్రియన్ భాషలో, ఏ దేవుడికి ఏ బలి ఇవ్వాలో, ఊరేగింపు ఎలా సాగాలో వాటిపై చెక్కి ఉంది. ఆ భాషలో మిగిలిన అతి పెద్ద రచన ఇదే. ఊరేగింపుల మీద ఈ ఊరికున్న పట్టింపు ఎంత పాతదో అనిపించక మానదు.

ఇక మే 15 సంగతి. 1160లో మరణించిన బిషప్ ఉబాల్దో ఈ ఊరి రక్షకుడు. శత్రువులు ముట్టడించినప్పుడు ఊరిని కాపాడింది ఆయనేనని ఇక్కడివారి నమ్మకం. 1194లో ఆయన దేహాన్ని కొండపైకి చేర్చారు, నేటికీ అక్కడి బసిలికా అనే పెద్ద చర్చిలో గాజు పేటికలో ఉంది. ఆయన వర్ధంతికి ముందురోజు, చేరోలు అనే మూడు చెక్క స్తంభాలను భుజాలపై మోస్తూ కొండెక్కుతారు. ఒక్కొక్కటి నాలుగైదు మీటర్ల ఎత్తు, దాదాపు 300 కిలోల బరువు. మొదటిదానిపై తాపీ మేస్త్రీల రక్షకుడిగా ఉబాల్దో, రెండోదానిపై వర్తకుల పక్షాన సెయింట్ జార్జ్, మూడోదానిపై రైతుల పక్షాన సెయింట్ ఆంథోనీ విగ్రహాలుంటాయి. మోసేవారు తమ సెయింటును బట్టి పసుపు, నీలం, నలుపు చొక్కాలు వేసుకుంటారు. తెల్ల ప్యాంటు, ఎర్ర నడికట్టు, ఎర్ర మెడరుమాలు మాత్రం అందరికీ ఒకటే.

మధ్యాహ్నం 12 గంటలకు చౌకు కిక్కిరిసిపోతుంది. నేలమీద పడుకోబెట్టిన చేరోలపైకి ఎక్కిన నాయకులు పింగాణీ కూజాల్లోని నీళ్లు పోసి, ఆ కూజాలను జనంలోకి విసురుతారు. మరుక్షణం మూడు స్తంభాలూ ఒక్క ఊపున నిటారుగా లేస్తాయి. పగిలిన కూజా పెంకు దొరికితే అదృష్టమని జనం ఎగబడతారు. నా దృష్టిలో అసలు పందెం కంటే ఈ కొన్ని క్షణాలే ఉత్కంఠభరితం.

సాయంత్రం 6 గంటల వేళ పరుగు మొదలవుతుంది. ముందు ఉబాల్దో, తర్వాత జార్జ్, చివర ఆంథోనీ. ఒకరినొకరు దాటడం లేదు. అంత బరువుతో పరుగెత్తడం ఎవరికైనా కాసేపే సాధ్యం కనుక, చేరో ఆగకుండానే అలసినవారు తప్పుకుని, పక్కన పరుగెడుతున్నవారు భుజం అందిస్తారు. ఆ మార్పిడిలో ఒక్క అడుగు తడబడితే స్తంభం ఒరిగిపోతుంది. అదే ఇక్కడ ఓటమి. వెనక ఉండటం తప్పు కాదు, కానీ ముందున్న చేరోకూ తమ చేరోకూ నడుమ దూరం పెరిగినా, చేరో కింద పడినా, ఆ మాట ఏడాదంతా వినాల్సి వస్తుంది.

ఊరి సందులు దాటాక వంపులు తిరిగే నిటారు దారి. ఊరి నుంచి బసిలికాకు దాదాపు 300 మీటర్ల ఎత్తు. పైకి చేరాక ఉబాల్దో బృందం లోపలికి దూసుకెళ్లి, జార్జ్ రాకముందే తలుపులు మూసేయాలని చూస్తుంది. జార్జ్ బృందం ఆ లోపే దూరాలని చూస్తుంది. మారని వరుసలో గెలుపుకు చోటు ఈ తలుపు దగ్గరే. నిజంగా తెలివైన ఏర్పాటు.

రాత్రి విగ్రహాలను పాటలతో కిందికి దింపుతారు. స్తంభాలు మాత్రం కొండమీదే ఉండిపోతాయి, మరుసటి ఏడు మే మొదటి ఆదివారమే ఊళ్లోకి వస్తాయి. జూన్ 2న చిన్నపిల్లలు తమ ఎత్తుకు తగ్గ చిన్న చేరోలతో ఇదే పరుగు తీస్తారు, వరుసా ఇదే. ఇక్కడి నుంచి వలసవెళ్లినవారు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం జెస్సప్‌లోనూ ఈ పరుగును నిలబెట్టారు.

పందెం రోజున వెళ్లలేనివారు వేరే రోజుల్లో తీగమార్గం ఎక్కి బసిలికా చేరవచ్చు. అది కదులుతుండగానే పంజరం లాంటి తెరిచిన బుట్టలోకి ఎక్కి, నిలబడే ప్రయాణించాలి. పైన చేరోలను తీరిగ్గా, దగ్గరగా చూడవచ్చు.