కట్టెలు చీల్చే మెషిన్ కొంటున్నారా? ముందు ఈ టన్నుల గొడవ తేల్చేద్దాం

(వెనకాల షెడ్డు. ఒక పక్క చింత మొద్దు. ఇంకో పక్క నేలలో పాతిన గునపం, దాని పక్కన కొబ్బరికాయ.)

నమస్కారమండీ. పర్లాకిమిడిలో మా షెడ్డుకి ఈ మెషిన్ చూడ్డానికి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒక్కటే. తెలుగువాళ్లయితే "ఎన్ని టన్నులు?", ఒడియావాళ్లయితే "కెతే టన్?" అంటారు. 6 టన్నులని చెప్తాను. "రోజుకా?" అని అడుగుతారు. మొన్న ఒకాయనైతే, "మా ఇంట్లో ఏడాదికి 2 టన్నుల కట్టె కూడా కాలదు బాబూ, మాకు 2 టన్నుల మెషిన్ చాలు" అన్నారు. నేనేమనాలి చెప్పండి!

అది కట్టె బరువు కాదండీ, మెషిన్ కట్టెని మొన మీదకి నెట్టే బలం. లారీ జాకీ మీద 10 టన్నులని రాసుంటే రోజుకి 10 టన్నులు ఎత్తుతుందనా అర్థం? ఇదీ అంతే.

మరి మనకి ఎంత బలం కావాలి? ఈ కొబ్బరికాయ చూడండి. ఉద్దానం వైపు గునపం మీద కాయలు ఒలిచేవాళ్లని చూసే ఉంటారు కదా. (కాయని గునపం మీదకి దించుతూ) నేనేమైనా బాదుతున్నానా? లేదు. పీచు ఎటు పోతోందో అటే మొన దిగింది. ఒక్క తిప్పు తిప్పాను, డొక్క లేచొచ్చింది. ఇదే కాయని అడ్డంగా నరకమనండి, కత్తి పట్టుకుని చెమటలు కక్కాలి. కట్టె కూడా నిలువు పీచుల మోపే. రంపం ఆ పీచుల్ని కోస్తుంది. మన మెషిన్ కోయదు, వాటి మధ్య సందులో దూరి విడదీస్తుంది.

అందుకే టన్నులకంటే ముందు మీ దగ్గరున్నది ఏ కట్టో చెప్పండి. సరుగుడు లాంటివాటికి పీచు చాలావరకు సూటిగా ఉంటుంది. జానెడు లావు దుంగకి 5 టన్నులు సరిపోతాయి. చింత అలా కాదు, పీచులు ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. కణుపు దగ్గరైతే మరీను. గునపం మీద ఒక్కో మొండికాయ దొరుకుతుంది చూశారా, ఎటు తిప్పినా డొక్క ఊడదు. చింత మొద్దు నిండా అలాంటి కాయలే.

ఇంకో పొరపాటు. "బాగా ఎండాక చీలుద్దాం" అని మొద్దుల్ని పెరట్లో పడేస్తారు. 2018లో తిత్లీ తుఫానుకి పడిన జీడిమామిడి మొద్దుల్ని మూడేళ్ల తర్వాత తెచ్చి, చీలకపోతే మెషిన్‌ని తిట్టినవాళ్లున్నారు. చాలా కట్టెలు ఎండేకొద్దీ బిగుస్తాయండీ. చీల్చాక ఆరబెట్టాలి. చీలికలైతే తొందరగా ఆరతాయి కూడా.

ఇప్పుడు నాకు అసలు మండే విషయం. చిన్న మెషిన్‌కి 20 టన్నులని స్టిక్కర్ వేసి అమ్ముతున్నారు. స్టిక్కర్ పక్కన పెట్టి సిలిండర్, అంటే ఆయిల్ నిండి కట్టెని నెట్టే గొట్టం, దాని కొలత అడగండి. (టేపు పెట్టి చూపిస్తూ) దీని లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లు. అంటే వైశాల్యం దగ్గర దగ్గర 31 చదరపు సెంటీమీటర్లు. ఆయిల్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 200 కిలోలు. గుణించండి, 6,200 కిలోలు. ఆరు టన్నుల పైచిలుకు, అంతే. 20 అని రాసినంత మాత్రాన దీనికి బలం ఎక్కడ్నుంచి వస్తుంది?

అదే ప్రెషర్‌తో నిజంగా 20 టన్నులు రావాలంటే సిలిండర్ లోపల 113 మిల్లీమీటర్లుండాలి. సరే, అదే పెట్టారనుకోండి. దాన్ని నింపడానికి మూడు రెట్లకు పైగా ఆయిల్ పోవాలి. ఇంటి కరెంటు మీద నడిచే 3 హెచ్‌పీ మోటారు చిన్న సిలిండర్‌ని 40 సెంటీమీటర్లు నెట్టడానికి 13, 14 సెకన్లు తీసుకుంటే, పెద్దదానికి ముప్పావు నిమిషం. మీరు పక్కన కుర్చీ వేసుకోవచ్చు. గునపం లావైతే కాయలు తొందరగా ఒలుస్తాయా? రెండు స్టేజిల పంపు ఉంటే కొంత నయం. కట్టెకి ఆనేదాకా చకచకా వెళ్లి, బిగిసినప్పుడు నెమ్మదించి బలం పెడుతుంది.

ఇంకో రకం మెషిన్ ఉంది, మోటారుకి మర తిరిగిన మొన బిగించి ఉంటుంది, చూశారా? గిర్రున తిరుగుతూ కట్టెలోకి దూరిపోతుంది. ధర తక్కువ. మన కొబ్బరికాయ తిప్పుడే, కాకపోతే ఇక్కడ కాయకి బదులు గునపం తిరుగుతుంది. లుంగీ అంచో, భుజం మీద తువ్వాలో, చీర కొంగో తగిలిందంటే వదలదు, చుట్టేస్తుంది. దాన్ని నేను అమ్మను, అంతే. తిట్టుకోండి పర్లేదు.

అయ్యో, టైం అయిపోతోంది. మిగతావి గబగబా చెప్పేస్తాను. రెండు చేతులూ పెడితేనే నడిచే మెషిన్ తీసుకోండి. ఒక చేత్తో కట్టె పట్టుకునే అలవాటు మనకి ఎలాగూ పోదు, మెషినే పోగొట్టాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో నడపొద్దు, ఓల్టేజీ పడిపోయి మోటారు కాలుతుంది, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించండి. ఆయిల్ కారుతుంటే వేలు పెట్టి వెతకొద్దు, ఆ ప్రెషర్‌కి సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. దుంగ పొడవు 50 సెంటీమీటర్లు దాటితే చిన్న మెషిన్‌లో పట్టదు, ముందే కోయించుకోండి.

వంటంతా గ్యాస్ మీదే చేసుకుని, చలికాలం నీళ్ల కాగుకి, పండక్కి పిండివంటలకి మాత్రమే కట్టెలు వాడేవాళ్లా? అయితే మెషిన్ వద్దు. ఒక సమ్మెట, రెండు ఇనుప చీలలు కొనుక్కోండి. నా వ్యాపారం నేనే చెడగొట్టుకుంటున్నానని మా ఆవిడ అంటుంది.

(చింత మొద్దు ఎత్తి మెషిన్ మీద పెడుతూ) ఇదిగో, కణుపు ఇటుంది కాబట్టి రెండో వైపు నుంచి పెడుతున్నాను. కరెంటు ఉండగానే కానిద్దాం. కాస్త వెనక్కి జరగండి.