అంటు కట్టిన చట్టం: ఓడిపోయిన జపాన్‌లో అసలేం జరిగింది?

నమస్తే. తిరుపతిలో గ్రూప్స్‌కి చదివే పిల్లలతో ఎప్పుడు మాట్లాడినా ఒక మాట వినిపిస్తుంది: "రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడిపోయింది, అమెరికా తన చట్టాలన్నీ తెచ్చి వాళ్ల నెత్తిన రుద్దింది." విన్న ప్రతిసారీ నాకు మనసు ఒప్పదు. అందులో నిజం పావు వంతే.

[స్క్రీన్ మీద: తల నరికిన మామిడి చెట్టు]

ఇది దామలచెరువు దగ్గర మా చిన్నాయన తోట. నాటు మామిడి, కాపు సరిగా లేదు. ఆయన చెట్టును వేళ్లతో పీకలేదు, తల నరికించాడు. మొద్దు మీద చిగుళ్లు వచ్చాక బలమైనవి నాలుగు ఉంచాడు. ఒక్కోదాన్ని నిలువునా చీల్చి, బేనీషా పుల్లను రెండు వైపులా చెక్కి, చీలికలో దింపి టేపు చుట్టాడు. బెరడుకు బెరడు కలవాలి, లేదంటే పుల్ల ఎండిపోతుంది. వేరు పాతదే, కాయ కొత్తది. జపాన్‌లో జరిగింది ఇదే.

నిజానికి ఆక్రమించిన సైన్యం చెట్టు జోలికే పోకూడదు. యుద్ధం గురించి దేశాలు ఒప్పుకున్న 1907 హేగ్ నిబంధనల్లో 43వది అదే చెబుతుంది: తప్పనిసరి అయితే తప్ప అక్కడి చట్టాలను గౌరవించాలి. జపాన్ మాత్రం 1945లో మిత్రదేశాలు లొంగుబాటు షరతులు పెట్టిన పోట్స్‌డామ్ ప్రకటనకు ఒప్పుకుని లొంగిపోయింది. ప్రజాస్వామ్యానికి అడ్డొచ్చేవి తొలగించాలని అందులోనే ఉంది.

రాజ్యాంగం సంగతి ఒప్పుకుంటాను. 1946 ఫిబ్రవరిలో, ఆక్రమణకు అధిపతి అయిన అమెరికా జనరల్ మెకార్థర్ కింద పనిచేసే అమెరికన్లు దాదాపు వారం రోజుల్లో ముసాయిదా రాసేశారు. పెళ్లిలో ఇద్దరూ సమానమనే 24వ అధికరణ వెనక ఉన్న బియాటే సిరోటాకు అప్పుడు 22 ఏళ్లు. టోక్యోలో పెరిగిన అమ్మాయి. జీపులో లైబ్రరీలన్నీ తిరిగి వేరే దేశాల రాజ్యాంగాలు పోగు చేసింది. మన 21వ అధికరణలో మీరు బట్టీ పట్టే 'చట్టం నిర్ధారించిన పద్ధతి' ఉంది చూడండి, అది ఈ జపాన్ రాజ్యాంగం 31వ అధికరణ నుంచి తీసుకున్నదే.

రాజ్యాంగం కింద ఉన్న చట్టాల కథ వేరు. జపాన్ సివిల్ కోడ్‌కి వేరు జర్మనీలో, ఫ్రాన్స్‌లో ఉంది. మెకార్థర్ తరఫున చట్టాల మార్పు పని చూసిన ఆల్ఫ్రెడ్ ఓప్లర్ ఒకప్పుడు జర్మనీలో జడ్జి. యూదు మూలాలున్నాయని నాజీలు పదవి నుంచి తీసేస్తే 1939లో అమెరికా చేరాడు. ఆ వేరు ఆయనకు తెలుసు. అమెరికా పద్ధతిని గుడ్డిగా తెచ్చి పెట్టకూడదని పట్టుబట్టాడు. ఈ కథలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఈయనే. కుటుంబ చట్టం తిరగరాసిన కలం మాత్రం వగత్సుమ సకాయే లాంటి జపాన్ పండితులదే.

పాత చట్టంలో ఇంటిపెద్ద ఒప్పుకోనిదే పెళ్లి లేదు. భర్త అనుమతి లేకుండా భార్య అప్పు తీసుకోలేదు. ఇల్లూ ఆస్తీ పెద్ద కొడుక్కే. 1948 జనవరి 1 నుంచి ఇవన్నీ పోయాయి. వివాహేతర సంబంధానికి పెళ్లయిన ఆడమనిషికి, ఆమెతో ఉన్న మగవాడికి మాత్రమే జైలు ఉండేది. భర్తకూ వేద్దామా, నేరాన్నే తీసేద్దామా అని చర్చ జరిగింది. 1947లో తీసేశారు, తేల్చింది జపాన్ పార్లమెంటే. 1907 నాటి శిక్షాస్మృతి సవరణలతో ఇవాళ్టికీ నడుస్తోంది.

అంటు పట్టాలంటే చెట్టులో జీవం ఉండాలి కదా. 1946 ఏప్రిల్‌లో ఆడవాళ్లు మొదటిసారి ఓటేసిన ఎన్నికల్లోనే 39 మంది మహిళలు గెలిచారు. లోపల అంత ఆకలి ఉంది!

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తాను. అంటు కింద నుంచి పాత చిగుళ్లు వస్తూనే ఉంటాయి, చిన్నాయన వాటిని ఎప్పటికప్పుడు గిల్లేస్తాడు. జపాన్‌లో పెళ్లయ్యాక భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండాలన్న రూలు ఇంకా ఉంది. సుప్రీంకోర్టు 2015లో, 2021లో కూడా దాన్ని సమర్థించింది. జపాన్‌లాగే ఓడిపోయిన జర్మనీలో కూడా నాజీ చట్టాలను 1945 సెప్టెంబర్ 20 నుంచే రద్దు చేయడం మొదలుపెట్టారు. అయినా స్వలింగ సంపర్కుల మీద నాజీలు కఠినం చేసిన సెక్షన్ 175 పశ్చిమ జర్మనీలో 1969 దాకా అలాగే బతికింది.

2003లో అమెరికా ఆక్రమించిన ఇరాక్‌లో అక్కడి 1969 శిక్షాస్మృతిని కొన్ని మార్పులతో ఉంచారు. కానీ ఆ ఏడాది మేలో సద్దాం హుస్సేన్ బాత్ పార్టీ పెద్దలను ఉద్యోగాల నుంచి తీసేసి, సైన్యాన్ని కూడా రద్దు చేశారు. చెట్టు నిలబడే ఉంది, తోట చూసేవాళ్లనే పంపేశారు. దాని గురించి విడిగా ఒక వీడియో చేస్తాను.