అలసిపోయినవాళ్లకే ఆ సంగతి ఆఖరున తెలుస్తుంది

నమస్కారం అండీ. ఈ రోజు సొంతంగా వ్యాపారం పెట్టి, దాన్ని ఒంటి చేత్తో లాక్కొస్తున్నవాళ్లతో మాట్లాడాలనుకుంటున్నాను. విషయం సెల్ఫ్ కేర్, అంటే మన ఒంటినీ మనసునూ మనమే చూసుకోవడం. ఆ మాట వినగానే "మాకు తినడానికే టైం లేదు, ఇంక సెల్ఫ్ కేర్ ఎక్కడ" అని వీడియో మార్చేసేవాళ్లు ఉంటారు. ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. నేను మసాజుల గురించీ, విహారయాత్రల గురించీ చెప్పబోవడం లేదు. ముందు ఒక రాత్రి సంగతి చెబుతాను.

నేను సొంత పని మొదలుపెట్టిన రెండో ఏడు. రాత్రి ఒంటిగంట దాటింది. ఒక పెద్ద క్లయింట్‌కు తెల్లారేసరికి కొటేషన్ పంపాలి. ఎక్సెల్ షీట్ తెరిచి కూర్చున్నాను. కింద మొత్తం దగ్గర అంకె చూశాను, పైనుంచి మళ్లీ చదివాను, మూడోసారి కూడా చదివాను. మూడుసార్లూ సరిగ్గానే ఉందనిపించింది. పంపేసి పడుకున్నాను. పొద్దున చూస్తే రవాణా ఖర్చు లైను కూడికలో కలవనే లేదు. ఫార్ములా దానికి ఒక లైను పైనే ఆగిపోయింది. అప్పటికే అటునుంచి "ఓకే, మొదలుపెట్టండి" అని జవాబు వచ్చేసింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేక ఆ ఆర్డర్ మొత్తం నష్టానికే చేశాను.

నష్టం తర్వాత పూడ్చుకున్నాను. నన్ను ఇప్పటికీ వదలనిది వేరే విషయం. ఆ రాత్రి నాకు అలసటగా లేదు. నిజంగా లేదు. "బాగానే ఉన్నాను, పని చకచకా అయిపోతోంది" అనే అనుకున్నాను.

ఎందుకలా అనిపించిందో చాలాకాలం తర్వాత చదివితే అర్థమైంది. 2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లో కొందరిని రోజుకు 8 గంటలు, కొందరిని 6 గంటలు, కొందరిని 4 గంటలు మాత్రమే నిద్రపోనిచ్చారు. ఇలా వరసగా 14 రోజులు. 6 గంటలే పడుకున్నవాళ్ల చురుకుదనం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. రెండు వారాలు గడిచేసరికి రాత్రంతా అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. కానీ "ఎంత మత్తుగా ఉంది?" అని అడిగితే మాత్రం, మొదటి కొద్ది రోజుల తర్వాత వాళ్లిచ్చే జవాబు పెద్దగా మారలేదు. బుర్ర మొద్దుబారుతూనే ఉంది, వాళ్లకేమో అలవాటైపోయినట్టు ఉంది.

ఇది మన వ్యాపారానికి ఎంత ప్రమాదమో ఆలోచించండి. ధర చెప్పేది మనమే. సంతకం పెట్టేది మనమే. ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఎవరికి అరువివ్వాలి, ఏ అప్పు తీసుకోవాలి అనేదీ మనమే. అన్నిటినీ తూచేది ఒకే తక్కెడ. ఆ తక్కెడే తప్పు తూస్తుంటే, ఆ సంగతి చెప్పడానికి ఇంకో తక్కెడ లేదు.

1997లో ఇంకో పరిశోధన వచ్చింది. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా తగ్గుతుందని అందులో తేలింది. చాలా దేశాల్లో అంత ఉంటే బండి నడపనివ్వరు. ఉదయం ఆరింటికి లేచినవాళ్లకు 17 గంటలంటే రాత్రి పదకొండే. మనలో ఎంతమంది పదకొండు తర్వాతే "ఇప్పుడు ప్రశాంతంగా ఉంది" అంటూ అసలైన నిర్ణయాలకు కూర్చుంటారో మీకే తెలుసు.

అందుకే నా మాట ఇది. అలసిపోయామో లేదో మనసును అడగొద్దు. గడియారాన్ని అడగండి. రాత్రి తొమ్మిది తర్వాత కొటేషన్ పంపకూడదు, డబ్బు విషయంలో దేనికీ ఒప్పుకోకూడదు, కోపంగా ఉన్న మెయిల్‌కు జవాబివ్వకూడదు అని నేను ఒక నియమం పెట్టుకున్నాను. రాసుకోవచ్చు, పంపేది మాత్రం పొద్దున్నే. రాత్రి రాసినవాటిని పొద్దున చదువుకుంటే, కనీసం ఒక్క వాక్యమైనా తీసేయాలనిపిస్తుంది. నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2015లో పెద్దవాళ్లందరికీ చెప్పింది. రోజూ కుదరకపోవచ్చు. పేమెంట్ ఆగిపోయి, జీతాల తేదీ దగ్గరపడితే కంటిమీద కునుకు రాదు, అది నాకూ తెలుసు. అలాంటి వారాలు వస్తాయి. ఏడాది మొత్తం అలాగే గడుస్తుంటే మాత్రం అక్కడ ఆగి చూసుకోవాలి.

నడక, వ్యాయామం, మంచి తిండి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, అవి మీకు తెలుసు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. వారానికి 55 గంటలు, అంతకన్నా ఎక్కువ పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పాయి. 55 అంటే ఆరు రోజులు, రోజుకు తొమ్మిది గంటల పైచిలుకు. మనకది మామూలు వారం. కాబట్టి బీపీ, షుగర్ పరీక్షలకు ఈ రోజే ఒక తేదీ వేసి, దాన్ని క్లయింట్ మీటింగ్‌లాగే క్యాలెండర్‌లో పెట్టేయండి.

ఇక బర్నవుట్. ఈ మాటను ఇప్పుడు అందరూ వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బు అనలేదు. పని చోట తగ్గకుండా కొనసాగే ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది, దానికి మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో శక్తి హరించుకుపోవడం, పని మీద విముఖత పుట్టడం, చేసే పనిలో పస తగ్గడం. నేను మీకు చెప్పాలనుకున్నది ఆ రెండోదాని గురించి. మొదటి ఆర్డర్ వచ్చిన రోజు ఫోన్ మోగితే ఎలా పరిగెత్తి ఎత్తామో గుర్తుందా? అదే ఫోన్ మోగినప్పుడు ఇప్పుడు కడుపులో తిప్పినట్టవుతోందా? స్క్రీన్ కనబడకుండా బోర్లా పెట్టేస్తున్నారా? పాపం ఎప్పటినుంచో మనల్నే నమ్ముకున్న కస్టమర్ పేరు చూసినా చిరాకేస్తోందా? దాన్ని బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. నిద్ర పట్టక, దేనిమీదా ఇష్టం లేక రెండు వారాలు గడిచిపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లండి. స్టాఫ్‌తో చెప్పుకోలేం, అప్పిచ్చినవాళ్లతో అసలే చెప్పుకోలేం, ఇంట్లోవాళ్లు కంగారుపడతారని దాచేస్తాం. అదంతా లోపలే పేరుకుపోతుంది. మీలాగే వ్యాపారం చేస్తున్న ఒక్క మనిషితోనైనా నెలకోసారి మనసు విప్పి మాట్లాడండి.

2011 నవంబర్‌లో బ్రిటన్‌లోని లాయిడ్స్ బ్యాంక్ అధిపతి ఆంటోనియో హోర్టా ఒసోరియో విపరీతమైన అలసటతో, నిద్ర పట్టక సెలవు పెట్టాల్సి వచ్చింది. 2012 జనవరిలో తిరిగి వచ్చి, మళ్లీ ఏళ్ల తరబడి ఆ పదవిలోనే ఉన్నారు. ఆయన పక్కకు జరిగినా బ్యాంకు నడిచింది, ఎందుకంటే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోగలిగారు. మరి మీరు రేపు జ్వరంతో మంచమెక్కితే? సరుకు ఎవరి దగ్గర తెప్పించాలి, ఏ పాస్‌వర్డ్ ఏమిటి, ఈ వారం ఎవరికి ఎంత కట్టాలి, ఇవన్నీ ఒక్క మీ తలలోనే ఉంటే మీకు జ్వరం వచ్చే హక్కు కూడా లేనట్టే. ఆ వివరాలు కాగితం మీద పెట్టి, నమ్మకమైన ఇంకొకరికి నేర్పడం కూడా సెల్ఫ్ కేరే. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. మొదట్లో వాళ్లు మనంత బాగా చేయరు, తప్పులూ చేస్తారు. చేయనివ్వండి.

నేను వారంలో ఒక రోజు ఫోన్ ఆపేసి సొరుగులో పెట్టడం మొదలుపెట్టాను. మొదటి వారం సాయంత్రం దాకా చెయ్యి ఖాళీ జేబులోకే వెళుతూ ఉండేది. నాలుగో వారమో ఐదో వారమో, మర్నాడు పొద్దున ఫోన్ తెరిస్తే మా ఆఫీసు అమ్మాయి మెసేజ్ ఉంది. "నిన్న ఒక కస్టమర్ చాలా కోపంగా ఫోన్ చేశారు. దెబ్బతిన్న పీస్ మార్చి ఇస్తామని చెప్పి, పంపించేశాను కూడా. సరేనా అండీ?" నేనైతే ఆ కస్టమర్‌తో అరగంట వాదించి ఉండేదాన్నేమో. "సరే అమ్మా, మంచి పని చేశావు" అని పెట్టి, కాసేపు నడుద్దామని బయటికి వెళ్లాను.