కాలేజీ లోగో ఉన్న క్రెడిట్ కార్డు: ఎవరికి ఎంత?

(స్క్రీన్ మీద: యూనివర్సిటీ లోగో ఉన్న కార్డు)

అమెరికాలో ఎమ్మెస్ చేసిన మనవాళ్లలో చాలామంది ఇలాంటి మెయిల్ చూసే ఉంటారు. చదివిన యూనివర్సిటీ పేరుతో క్రెడిట్ కార్డు తీసుకోండి, మీరు వాడినకొద్దీ మన పూర్వ విద్యార్థుల సంఘానికి డబ్బు వస్తుంది అని. వీటినే అఫినిటీ కార్డులు అంటారు. సంఘం పేరు ఇస్తుంది, బ్యాంకు అప్పు ఇస్తుంది.

ఈ వ్యాపారానికి ఊపు తెచ్చింది ఎంబీఎన్ఏ అనే బ్యాంకు. 1980లలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ పూర్వ విద్యార్థులతో మొదలుపెట్టి, ఎన్నో సంఘాలకు విస్తరించింది. 2006లో బ్యాంక్ ఆఫ్ అమెరికాలో కలిసిపోయింది.

బ్యాంకుకు లోగో కంటే విలువైనది సభ్యుల జాబితా. డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంటుంది, పైగా సొంత కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరాన్ని చింపి పారేయరు. అందుకే కొత్త ఖాతాకు ఇంత, కొనుగోళ్ల మీద ఇంత అని రాయల్టీ ఇస్తుంది. 2009లో ఇలా యూనివర్సిటీలకు, వాటి సంఘాలకు బ్యాంకులు చెల్లించింది 8 కోట్ల డాలర్లకు పైమాటే.

(స్క్రీన్ మీద: లెక్క)

కార్డుదారుడి వైపు చూద్దాం. సంఘానికి అర శాతం వస్తుందనుకోండి. వెయ్యి డాలర్లు ఖర్చు పెడితే 5 డాలర్లు. అదే వెయ్యి కట్టకుండా ఏడాది ఉంచేస్తే, 24 శాతం వడ్డీ చొప్పున బ్యాంకుకు దాదాపు 240 డాలర్లు! నాకు బాధ కలిగించేది ఇదే. కాలేజీ మీద అభిమానంతో కార్డు తీసుకున్నవాళ్లు వడ్డీ రేటు చూడటం మర్చిపోతారు.

కాలేజీకి సాయం చేయాలనుంటే నేరుగా ఇవ్వండి. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి. కార్డు రాయల్టీకి ఆ అవకాశం లేదు, మీ పేరున పన్ను మినహాయింపూ రాదు.

కార్డే కావాలంటే ముందు బ్యాంకుకూ సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం చదవండి. 2009 నాటి కార్డ్ యాక్ట్ (అమెరికా క్రెడిట్ కార్డుల చట్టం) ప్రకారం బ్యాంకులు ఈ ఒప్పందాలను ఏటా ప్రభుత్వానికి సమర్పించాలి. వినియోగదారుల ఆర్థిక రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో వెబ్‌సైట్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి. అందులో రాయల్టీ ఎంత, సభ్యుల చిరునామాలు బ్యాంకు చేతికి వెళ్తాయా అన్న రెండు విషయాలు వెతకండి. చిరునామా ఇవ్వడం ఇష్టం లేకపోతే, నా వివరాలు బ్యాంకుకు పంపొద్దని సంఘానికి మెయిల్ పెట్టండి.