ఏమీ నొక్కకపోయినా వచ్చేస్తుంది

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్, పలాసలో నెట్ సెంటర్ నడిపే యజమాని, కంప్యూటర్ టెక్నీషియన్)

యాంకర్: మాస్టారూ, సాఫ్ట్‌వేర్‌లో రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్ లోపం అంటే భయపడాల్సిందేనా?

లెక్చరర్: భయపడాల్సిందేనండి. మామూలు వైరస్ రావాలంటే మనం ఫైలు తెరవాలి, లింకు నొక్కాలి. ఇలాంటి లోపాల్లో కొన్నింటికి అదీ అక్కర్లేదు. ఎక్కడో కూర్చున్నవాడు నెట్‌వర్క్ మీదుగా మన కంప్యూటర్లో తన ప్రోగ్రామ్ నడిపించేస్తాడు. ఫైళ్లు లాక్ చేసి డబ్బులడిగే వానాక్రై 2017 మే 12న అలాగే పాకింది. విండోస్‌లో ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే ఎస్‌ఎంబీలో ఉన్న లోపం అది. సుమారు 150 దేశాలకు వెళ్లింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేశాయి. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, వాటిలో శ్రీకాకుళం జిల్లావీ ఉన్నాయి.

యాంకర్: అప్పటికి దానికి విరుగుడు లేదా?

లెక్చరర్: ఉందండీ, బాధంతా అక్కడే! మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది. రెండు నెలలు వేసుకోకుండా వదిలేశారు.

నెట్ సెంటర్ యజమాని: ఒక్క మాట మాస్టారూ. హాల్ టికెట్ల రోజు పిల్లలు రోడ్డు దాకా నిలబడి ఉంటారు. అప్పుడు కంప్యూటర్ ‘అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు’ అంటే ఎంత టెన్షనో మీకు తెలీదు. అందుకే ఆపించేశాను. ఒక రోజు పొద్దున్న షాపు తెరిస్తే ఫైళ్లన్నీ లాక్. నా లెక్కలు పోతే పోయాయి. జనం నమ్మి ఇచ్చిన సర్టిఫికెట్ల స్కాన్లు అందులో ఉన్నాయి. వాళ్ల ముఖం చూడలేకపోయాను.

లెక్చరర్: మీ ఇబ్బంది నిజమేనండి. పని మధ్యలో అప్‌డేట్ వస్తే ఎవరైనా ఆపేస్తారు.

టెక్నీషియన్: నేను కూడా చాలా షాపుల్లో ఆపాను సార్. స్లో అయిందని కస్టమర్లు గొడవ చేసేవారు. విండోస్ దొంగ కాపీ వేసినచోట అప్‌డేట్ పెట్టాలంటే భయం. ఇప్పుడు అప్‌డేట్లు ఆపడం మానేశాను. విండోస్ 7కి మద్దతు, అంటే ప్యాచ్‌లు ఇవ్వడం, 2020 జనవరి 14తో, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయాయి. అయినా జీడిపప్పు వ్యాపారుల దగ్గర బిల్లులు ఇంకా విండోస్ 7లో కొట్టడం చూస్తున్నాను.

యాంకర్: కొత్తది కొనే స్తోమత లేకపోతే?

లెక్చరర్: నెట్ వైరు పీకేయండి. బిల్లు కొట్టడానికి నెట్ ఎందుకు? నెట్ తప్పదంటే ఎస్‌ఎంబీ వాడే దారి, 445 పోర్టు, బయటికి తెరిచి ఉందేమో చూడండి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్ కట్టేయండి. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ అందులోని లోపమే. బ్యాకప్ తీశాక హార్డ్ డిస్క్ విప్పేయాలి. తగిలించి ఉంచితే అదీ లాక్ అయిపోతుంది.

యాంకర్: మరి అప్‌డేట్ ఎప్పుడు పెడుతున్నారండీ ఇప్పుడు?

నెట్ సెంటర్ యజమాని: నెలలో రెండో మంగళవారం వస్తాయని ఈ టెక్నీషియన్ బాబే చెప్పాడు. అమెరికా టైము కదా, మనకి రాత్రి. బుధవారం షట్టర్ దించేముందు పెట్టి, పూర్తయ్యాకే ఇంటికెళ్తున్నాను.